తుప్పు మీద వేయొచ్చు, ఉప్పు మీద కాదు: ఛాసిస్‌కు తుప్పు మూసే పెయింటు

ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తేదీ దగ్గర పడిందంటే నెల్లూరు ఆటోనగర్‌లో నల్ల పెయింటు డబ్బాలు తెరుచుకుంటాయి. బండిని వాటర్ సర్వీసింగ్ చేయించి, ఆరీ ఆరకముందే కింద దూరి, చేతికి అందినంత మేర బ్రష్షుతో నలుపు కొట్టేస్తారు. రవాణా బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ పైన ఏటా ఎఫ్‌సీ చేయించాలి కాబట్టి పాత బండికి ఇది ఏటేటా జరిగే తంతు. కార్తీకమాసం వానలు దాటి సంక్రాంతి వచ్చేసరికి అదే నలుపు అరచేతి వెడల్పు పెచ్చులుగా ఊడి వస్తుంది. ఊడిన పెచ్చును తిప్పి చూస్తే లోపలివైపు ఎర్రటి పొడి అంటుకుని ఉంటుంది, వేలితో తాకితే చెమ్మ తగులుతుంది. ఎండలో రోజంతా నిలబడ్డ బండి పెయింటు కింద చెమ్మ ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు తెలిస్తే ఈ పని సగం తెలిసినట్టే.

దీంతో విసిగిపోయినవాళ్లు ఇప్పుడు ‘తుప్పు మీదే నేరుగా వేయొచ్చు’ అని చెప్పే పెయింటు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు. మామూలు నలుపుతో పోలిస్తే ఖరీదు చాలా ఎక్కువ. ఫలితం మాత్రం ఒకరికి ఒకలా, మరొకరికి ఇంకోలా ఉంటుంది. ఒక బండికి ఏళ్ల తరబడి చెక్కుచెదరదు, అదే డబ్బాతో వేసిన ఇంకో బండికి ఒక్క వానాకాలంలో పొక్కులు లేస్తాయి. తప్పు చాలాసార్లు పెయింటుది కాదు. ఆ మాట నమ్మి తుప్పుతోపాటు దాని అడుగున ఉన్న ఉప్పును కూడా మూసేయడం వల్ల వచ్చే తంటా అది.

ఎక్కడి తుప్పు అక్కడిదే

కనిగిరి, ఉదయగిరి వైపు మెట్ట ప్రాంతంలో తిరిగే ట్రాక్టరు ట్రక్కును గీకి చూడండి. తుప్పు పలచగా, గట్టిగా, ఒకే మందంలో గోధుమరంగు తోలులా ఉంటుంది. వైరు బ్రష్షు నాలుగు సార్లు లాగితే పొడి రాలి, కింద గట్టి పొర మిగులుతుంది. తుప్పు మూసే పెయింటుకు ఇంతకన్నా మంచి నేల దొరకదు.

మైపాడు, కొత్తపట్నం, ఇస్కపల్లి వైపు బండి అలా ఉండదు. ఉప్పు లోడు వేసినా, రొయ్యల గుంటల గట్ల మీద తిరిగినా, ఊరికే సముద్రపు గాలికి నిలబడినా, దాని ఛాసిస్ తుప్పు మార్కాపురం పలకరాయి చీలినట్టు పొరలు పొరలుగా లేస్తుంది. ఒక పొర ఊడబెరికితే కింద ఇంకో పొర, దాని కింద పురుగు తిన్నట్టు చిన్న చిన్న గుంతలు. ఆ గుంతల అడుగున ఉండేది ఒట్టి తుప్పు కాదు, ఉప్పులోని క్లోరైడ్ కలిసిన తుప్పు. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు రొయ్యల ట్రేలు మోసే పికప్‌లది మరీ దారుణం. ఐసు కరిగిన ఉప్పునీళ్లు ట్రిప్పు పొడుగునా తొట్టి కంతల్లోంచి సరిగ్గా వెనక క్రాస్ మెంబర్ (ఛాసిస్ పట్టీలను అడ్డంగా కలిపే దూలం) మీదే కారుతుంటాయి. చీమకుర్తి క్వారీ లారీలకు ఉప్పు బాధ తక్కువే గానీ, రాతి పొడి బురదై ఛాసిస్ మూలల్లో పేరుకుని, తడిని రోజుల తరబడి పట్టి ఉంచుతుంది.

ఈ తరహా పెయింట్లకు పేరు వచ్చింది చలి దేశాల్లో. అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి ఉప్పు ఒక కాలానిది. మన కోస్తాలో అది ఏడాది పొడుగునా గాలిలోనే వస్తుంది. డబ్బా మీది సూచనలను మక్కీకి మక్కీ పాటించినా ఇక్కడ చాలకపోవడానికి ఇదొక కారణం.

పెయింటు ఏం చేస్తుంది, ఏం చేయదు

మామూలు ఎనామిల్ పెయింటు థిన్నర్ ఆవిరయ్యాక గాలిలోని ఆక్సిజన్‌తో గట్టిపడుతుంది. తుప్పు మూసే పెయింట్లలో ఎక్కువ పేరున్నవి మాత్రం గాలిలోని తేమతో గట్టిపడే పాలీయూరెథేన్ రకం. డబ్బాలో ఉన్నంతసేపూ పలచగా ఉండే ఈ ద్రవంలోని ఐసోసయనేట్, నీటి ఆవిరి తగలగానే దానితో చర్య జరిపి గొలుసులు గొలుసులుగా అల్లుకుంటుంది. చర్యలో కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు, కోటు పలచగా ఎందుకు వేయాలో వేరే చెప్పక్కర్లేదు. మందంగా పూస్తే పైపొర ముందు గట్టిపడి లోపలి గ్యాసుకు దారి ఉండదు. అది బుడగలై లేస్తుంది, లేదా సూదిమొన రంధ్రాలు చేసుకుని బయటపడుతుంది. ఆ రంధ్రాల్లోంచే నీళ్లు దిగుతాయి.

పలచటి ద్రవం కాబట్టి తుప్పు రంధ్రాల్లోకి ఇంకి, అక్కడే గట్టిపడి వేళ్లు పట్టినట్టు పట్టుకుంటుంది. అందుకే గరుకు తుప్పు మీద నిలిచిన పెయింటు, నున్నటి కొత్త రేకు మీద మాత్రం గోటితో గీకితే లేచి వస్తుంది. కొత్తగా వెల్డింగ్ చేసిన ప్లేటు మీద వేయాలంటే 80 నంబరు ఉప్పు కాగితంతో రుద్ది గరుకు చేయాలి. (గరుకు కాగితానికి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, ఈ పనిలో మనకు ఇష్టమైన ఉప్పు అదొక్కటే.)

ఇది ‘తుప్పును చంపే’ మందేమీ కాదు. తుప్పుకు ఇనుము, నీరు, ఆక్సిజన్ మూడూ కావాలి. గట్టి పొర చివరి రెండింటి దారిని బాగా తగ్గిస్తుంది, అంతే. తుప్పు మార్చే ద్రావణాలు, అంటే కన్వర్టర్లు, వేరే జాతి. వాటిలోని టానిక్ ఆమ్లం ఇనుప తుప్పుతో కలిసి నీలినలుపు పొరగా మారుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుప తుప్పు, బెల్లం పులియబెట్టిన కసిం గీయగానే నల్లబడేది కూడా ఈ చర్య వల్లే. చూడముచ్చటగా ఉంటుంది గానీ ఆ మార్పు పైపైనే. మందపాటి పొరల తుప్పులో అడుగుదాకా చేరదు, క్లోరైడ్‌ను తీసేయదు. కన్వర్టర్ పూసి, దాని మీద తుప్పు మూసే పెయింటు వేసే అలవాటు కూడా మంచిది కాదు. రంధ్రాలు నిండిపోయిన పొర మీద పెయింటుకు ఇంకే చోటు ఉండదు.

ఇక రెడ్ ఆక్సైడ్ ప్రైమరు. తుప్పు రంగులో ఉంటుంది కాబట్టి తుప్పుకు విరుగుడు అన్న నమ్మకం బలంగా ఉంది. నిజానికి ఆ ఎరుపు ఇచ్చేది కూడా ఇనుప ఆక్సైడే. దాని పని పై పెయింటుకు పట్టు ఇవ్వడం. పైన ఇంకో కోటు లేకుండా వదిలేసిన రెడ్ ఆక్సైడ్ తేమను పీల్చుకుంటుంది.

ఉప్పు కింద ఉంటే

వానాకాలంలో వంటింటి ఉప్పు జాడీ చెమ్మగిల్లడం చూడని ఇల్లుండదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు నీటిని లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే 33 శాతం చాలు. పెయింటు పొర ఎంత గట్టిదైనా నీటి ఆవిరిని నూటికి నూరుపాళ్లూ ఆపలేదు. లోపల ఉప్పు ఉంటే అది పొర గుండా నీటిని తన దగ్గరికి రప్పించుకుంటుంది. పెయింటు కింద చిన్న నీటి పొక్కు లేస్తుంది. ఎండకు ఆరినట్టు కనబడి, రాత్రికి మళ్లీ నిండుతుంది. మొదట్లో అడిగిన చెమ్మ ఇదే.

ఇంకో చిక్కుంది. క్లోరైడ్ ఇనుముతో కలిసి ఐరన్ క్లోరైడ్ అవుతుంది, అది నీరు, ఆక్సిజన్ తగిలి తుప్పుగా మారేటప్పుడు క్లోరైడ్ మళ్లీ విడుదలై పక్క ఇనుమును పట్టుకుంటుంది. వడ్డీకి తిప్పే డబ్బులా అసలు తరగదు. అందుకే గుంత అడుగున మిగిలిన చిటికెడు కూడా లెక్కలోదే. పని మొత్తంలో ఎక్కువ సమయం పెయింటుకు కాదు, కడగడానికి పోవాలి.

ముందు సుత్తి, తర్వాత బ్రష్షు

డబ్బా కొనకముందే 200 గ్రాముల సుత్తితో ఛాసిస్ పొడుగునా తట్టి వినాలి. ఖణేల్‌మంటే లోహం ఉంది. మొద్దుగా, గుల్లగా మోగితే అక్కడ లోహం పలచబడింది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవర్ మొన బలంగా పొడవాలి. కమాన్ కట్టల బ్రాకెట్లు, కమాన్ కట్ట కొసను పట్టే షాకిల్ చుట్టూ, స్టీరింగ్ బాక్సు బిగించే చోటు, వెనక క్రాస్ మెంబర్, రెండు ప్లేట్లు రివెట్లతో కలిసే చోట్లు తప్పనిసరిగా చూడాలి. మొన దిగిపోతే అక్కడ పెయింటుకు పని లేదు. ఫైబర్ గుడ్డ అతికించి పైన తుప్పు పెయింటు పూయడం ఫ్లోరు రేకుకు సరిపోవచ్చేమో గానీ, ఛాసిస్‌కు అది బరువు మోసే అతుకు కాదు. కుళ్లిన ముక్క కోసి, అంతే మందం ప్లేటు వెల్డింగ్ చేయించాలి. వెల్డింగ్ చేసేచోటికి అటు ఇటు కనీసం 5 సెంటీమీటర్లు పాత పెయింటు గీకేయాలి. ఐసోసయనేట్ పెయింటు కాలితే వచ్చే పొగ విషం. కామన్ రైల్ బండ్లకు వెల్డింగ్ ముందు బ్యాటరీ వైర్లు తీసేయడం మరిచిపోతే ఈసీఎం (ఇంజను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) పోయే ప్రమాదం ఉంది.

రెండు ప్లేట్ల మధ్య తుప్పు ఉబ్బి ప్లేట్లే విడిపోతుంటే, పైన ఎన్ని కోట్లు వేసినా ఉపయోగం లేదు. తుప్పు తాను తిన్న ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, రివెట్లను తెంపేంత బలం దానికుంది.

గీకుడు, కడుగుడు

పొరల తుప్పును చిప్పింగ్ సుత్తి, స్క్రేపర్‌తో కొట్టి రాల్చాకే గ్రైండర్‌కు కప్ బ్రష్షు తొడగాలి. వరస మారితే ముప్పు. వేగంగా తిరిగే కప్ బ్రష్షు తుప్పును తీయకుండా సానబెడుతుంది. నల్లగా మెరిసే ఆ నునుపును చూసి లోహం బయటపడిందనుకుంటారు. నిజానికి అది గుంతల్లో ఉప్పును లోపలే పెట్టి మూత బిగించిన తుప్పు. మెరుపు నల్లగా ఉంటే ఇంకా గీకాలి, వెండి రంగు తేలితేనే లోహం. శాండ్ బ్లాస్టింగ్ అయితే అన్నిటికన్నా మేలు, గుంతల అడుగుదాకా వెళ్తుంది. గూడూరు వైపు సిలికా ఇసుక తేలిగ్గా దొరుకుతుంది కదా అని దానితో మాత్రం చేయించకూడదు, ఆ దుమ్ము పీల్చినవాళ్లకు సిలికోసిస్ వస్తుంది. సముద్రపు ఇసుక సంగతి చెప్పనే అక్కర్లేదు. ఉప్పు వదిలించడానికి ఉప్పుతోనే కొట్టినట్టవుతుంది.

తర్వాత జిడ్డు. సర్వీసింగ్ అయ్యాక బండి కింద డీజిల్, వాడేసిన ఇంజనాయిల్ కొట్టించే అలవాటు మన దగ్గర ఎక్కువ. తుప్పు వేగాన్ని కొంత తగ్గిస్తుంది, నిజమే. కానీ తుప్పు రంధ్రాల్లో నూనె ఇంకిపోయాక ఏ పెయింటూ పట్టదు. 10 లీటర్ల వేడినీళ్లకు 100 గ్రాముల చాకలి సోడా, కొంచెం బట్టల సబ్బుపొడి కలిపి కొబ్బరి పీచు బ్రష్షుతో రుద్ది కడగాలి. రబ్బరు తొడుగులు ఉండాలి. కడిగాక నీళ్లు పలచటి పొరలా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు. తామరాకు మీద బొట్లలా నిలిస్తే మళ్లీ కడగాలి. కిరోసిన్‌తో తుడిచి అయిందనిపించడం కుదరదు, అది కూడా జిడ్డు పొర వదులుతుంది.

ఇప్పుడు అసలు కడుగుడు. ప్రెషర్ వాషర్‌తో ఒక్కసారి కొట్టేస్తే ఉప్పు పోదు. కొట్టడం, ఆరనివ్వడం, వైరు బ్రష్షుతో గుంతలు గెలకడం, మళ్లీ కొట్టడం... కనీసం మూడు విడతలు. ఆరేటప్పుడు గుంతల్లోంచి పైకి వచ్చే ఉప్పును తర్వాతి విడత ఎత్తుకుపోతుంది. నీళ్ల సంగతి చాలామంది పట్టించుకోరు. తీరం దగ్గర ఊళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. తాగునీటికి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల లెక్క, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 500 దాకా మంచిదనీ, వేరే దారి లేకపోతే 2,000 దాకా ఒప్పుకోవచ్చనీ భారతీయ ప్రమాణం. 2,000 చూపించే బోరుతో కడిగి ఆరబెట్టడమంటే మనమే ఉప్పు పూత పూసినట్టు. మొదటి విడతలకు బోరు నీళ్లు వాడినా, చివరి కడుగుడు మాత్రం వాటర్ ప్లాంటు క్యాన్ నీళ్లతో చేయాలి. పికప్ ఛాసిస్‌కు చేతి స్ప్రేయరుతో కొడితే 20 లీటర్ల క్యాన్లు రెండు సరిపోతాయి.

ఉప్పు పోయిందో లేదో చూసుకోవడానికి తేలికైన పద్ధతి ఒకటుంది. ఆరిన లోహం మీద అదే క్యాన్ నీళ్లు పొగమంచులా సన్నగా చల్లి పది నిమిషాలు చూడాలి. గుంతల్లో మాత్రమే ముదురు మచ్చలు, పసుపుపచ్చ నీటి బొట్లు తేలితే అక్కడ క్లోరైడ్ ఇంకా ఉంది. ఆ గుంతలను మళ్లీ గెలికి కడగాలి. అంతటా ఒకేలా లేత గోధుమరంగు వస్తే భయపడక్కర్లేదు.

యాసిడ్ విషయంలో ఒక హెచ్చరిక. తుప్పు మీద బాత్‌రూము కడిగే యాసిడ్ పోస్తే క్షణాల్లో పొంగి శుభ్రమైపోతుంది. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అంటే నేరుగా క్లోరైడ్. దానితో కడిగిన ఛాసిస్ తెల్లారేసరికి నారింజ రంగు తిరుగుతుంది. ఆ తర్వాత వేసిన పెయింటు దేనికీ పనికిరాదు. వాడాల్సింది ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న మెటల్ ప్రెప్ ద్రావణం. చల్లి 15 నుంచి 20 నిమిషాలు ఆరిపోకుండా తడిగా ఉంచాలి, మే ఎండలో అయితే మళ్లీ మళ్లీ చల్లాలి. తర్వాత క్యాన్ నీళ్లతో కడిగేయాలి. ఆరాక బూడిదరంగు పలచటి పూత కనిపిస్తుంది, దాన్ని అలాగే ఉంచాలి. తెల్లటి పొడి మిగిలితే తుడిచేయాలి. కమాన్ కట్టలు, స్ప్రింగుల మీద ఏ యాసిడూ పడకూడదు. గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చేరితే పెళుసుబారి విరుగుతుంది.

పెయింటు తేమతోనే గట్టిపడుతుంది కదా, కాస్త తడి ఉంటే ఏం అనే ప్రశ్న మామూలుగా వచ్చేదే. గాలిలోని ఆవిరి వేరు, లోహం మీద నీరు వేరు. నీటి మీద పడ్డ పెయింటు నురగలు కడుతుంది. కంప్రెసర్ గాలితో అతుకులన్నీ ఊది, రెండు రోజులు పూర్తిగా ఎండనివ్వాలి.

ఏ నెల, ఏ వేళ

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో నెల్లూరు వైపు ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. జనవరి చివరి నుంచి ఏప్రిల్ నడుమ అనుకూలం. లోహం వేడి, మంచుబిందు ఉష్ణోగ్రత (గాలిలోని ఆవిరి నీటిబొట్లుగా మారే వేడి) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది పెయింటు పనిలో పాత నియమం. గాలి 30 డిగ్రీలు, తేమ 85 శాతం ఉన్న ఉదయం మంచుబిందు 27.2 దగ్గర ఉంటుంది, అంటే తేడా చాలదు. 35 డిగ్రీలు, 50 శాతం ఉన్న వేళ అది 23, ఏ ఇబ్బందీ లేదు. అట్లాగని మే నెల మిట్టమధ్యాహ్నం చెయ్యి కాలే ఛాసిస్ మీద వేస్తే బ్రష్షు లాగేలోపే బిగుసుకుపోయి గీతలు పడతాయి. నీడలో, పొద్దున పది గంటల నుంచి సముద్రపు గాలి మొదలయ్యేలోపు వేసుకోవాలి. ఆ గాలి తేమ ఒక్కటే తేదు, ఉప్పు కూడా తెస్తుంది. కోటుకు కోటుకు మధ్య రాత్రి గడిచిపోతే క్యాన్ నీళ్లలో పిండిన గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. వీలైతే బండిని నాలుగు రోజులు పొదలకూరు, ఆత్మకూరు వైపు తీసుకెళ్లి పని చేయించుకోవడం మేలు.

ఎంత కొనాలి, ఎట్లా వేయాలి

పికప్ ఛాసిస్ పట్టీ ఒక్కోటి 4.5 మీటర్లు, చుట్టుకొలత సుమారు 42 సెంటీమీటర్లు అనుకుంటే రెండింటికీ కలిపి 3.8 చదరపు మీటర్లు. క్రాస్ మెంబర్లు, బ్రాకెట్లు, యాక్సిల్ గొట్టం కలిపితే 7 నుంచి 8 దాకా తేలుతుంది. లీటరుకు ఒక కోటు 8 నుంచి 10 చదరపు మీటర్లు వస్తుంది కాబట్టి రెండు కోట్లకు 2 లీటర్లు. ఒకే పెద్ద డబ్బా కన్నా అర లీటరువి నాలుగు తీసుకోవడం తెలివైన పని. తెరిచిన డబ్బా నిలవ ఉండదు.

డబ్బాను కుదపకూడదు, కర్రతో నెమ్మదిగా కలపాలి. కుదిపితే గాలి బుడగలతోపాటు తేమ చేరుతుంది. బ్రష్షును నేరుగా డబ్బాలో ముంచడమంటే ఊరగాయ జాడీలో తడి గరిటె పెట్టడమే. పెయింటు లోపలే గట్టిపడడం మొదలవుతుంది. కావలసినంత చిన్న స్టీలు గిన్నెలోకి వంచుకుని, వెంటనే మూత పెట్టేయాలి. గిన్నెలో మిగిలింది తిరిగి డబ్బాలో పోయకూడదు. మూతకూ డబ్బాకూ మధ్య ప్లాస్టిక్ కాగితం వేయకపోతే, గట్టిపడ్డాక ఆ మూత ఉలి పెట్టినా రాదు.

చవక బ్రష్షు చాలు, పనయ్యాక పారేయడమే. మొదటి కోటు గుంతల్లోకి బ్రష్షు పొడిచి, తర్వాత లాగి పలచగా పరవాలి. ఆరాక కోటు మందం 40 నుంచి 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వస్తే సరి, అంటే కింద మచ్చలు కాస్త కనిపించాలి. అంచులు, బోల్టు తలలు, వెల్డింగ్ గీతల దగ్గర పెయింటు పక్కకు జారిపోయి పొర పలచబడుతుంది. వాటికి ముందే విడిగా ఒక చుట్టు వేస్తే పొర నిలుస్తుంది. తుప్పు మళ్లీ మొదలయ్యేది దాదాపు ఎప్పుడూ అంచులోనే. వేలు పెడితే అంటకుండా కొంచెం పట్టుకున్నట్టు అనిపించేటప్పుడు రెండో కోటు వేయాలి. వాతావరణాన్ని బట్టి రెండు నుంచి ఆరు గంటలు పడుతుంది, తేమ ఎక్కువగా ఉన్నప్పుడు ముందే వస్తుంది. పూర్తిగా గట్టిపడితే రెండో కోటు పట్టదు, 320 నంబరు కాగితంతో రుద్దాల్సిందే.

వంటికి అంటి ఆరిన పెయింటు ఏ థిన్నరుకూ లొంగదు, చర్మం అరిగి తనంతట పోయేదాకా రోజులు పడుతుంది. నైట్రైల్ తొడుగులు, పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి. అంతకన్నా ముఖ్యమైనది ఊపిరితిత్తుల సంగతి. ఐసోసయనేట్ ఒకసారి పడకుండా పోయిందంటే ఆ తర్వాత కొంచెం తగిలినా ఆయాసం తెస్తుంది. బ్రష్షుతో గాలి ఆడేచోట ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జి మాస్కు పెట్టుకుని వేయాలి. స్ప్రే చేయాలంటే బయటి గాలి అందించే మాస్కు కావాలి, చాలా షాపుల్లో అది ఉండదు. ముక్కుకు కట్టుకున్న రుమాలు ఆవిరిని ఆపదు.

మూయకూడని చోట్లు

ఛాసిస్ నంబరు కొట్టి ఉన్న చోటును టేపుతో కప్పాలి. దాని మీద మందంగా పెయింటు పడితే ఎఫ్‌సీ దగ్గర అక్షరాలు కనబడక, గీకాల్సి వస్తుంది. ఆ చోటుకు పని అయ్యాక గ్రీజు చాలు. ఎర్త్ వైరు బోల్టు కింద పెయింటు ఉంటే కరెంటు పారదు. గ్రీజు నిపిళ్లు, షాకిల్ పిన్నులు, రబ్బరు బుష్షులు, బ్రేకు పైపుల కీళ్లు, కమాన్ కట్టల మధ్య సందులకు పెయింటు తగలకూడదు. సైలెన్సర్ వేడికి ఇది నిలవదు.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది పెట్టెలా మూసి ఉన్న ఛాసిస్ పట్టీల్లో, నీరు పోయే కంతల విషయంలో. పైనుంచి పెయింటు కొట్టేటప్పుడు కంతలు పూడుకుపోతే లోపల చేరిన నీరు బయటికి రాదు. పట్టీ బయట నిగనిగలాడుతూ లోపలినుంచి కరిగిపోతుంది. కంతల్లో అగ్గిపుల్ల దూర్చి ఉంచి పనయ్యాక తీసేయాలి. లోపలి భాగానికి పెయింటు కాదు, క్యావిటీ వ్యాక్సు సరైనది. పొడుగు గొట్టం ఉన్న నాజిల్‌తో కంతల్లోంచి కొడతారు. అది ఎన్నటికీ పూర్తిగా గట్టిపడదు, సందుల్లోకి పాకుతుంది.

బాడీ రేకు లెక్క వేరు

ఛాసిస్ ప్లేటు 3 మిల్లీమీటర్లు ఆ పైన ఉంటే, డోరు రేకు 0.7, 0.8 మిల్లీమీటర్లే. గుంత అర మిల్లీమీటరు దిగితే ఛాసిస్‌కు లెక్కలోది కాదు, రేకుకైతే దాదాపు చిల్లు పడినట్టే. పైగా డోరు కింది అంచు, మడ్‌గార్డు మడతల్లో తుప్పు లోపలినుంచి బయటికి వస్తుంది. బయట పొక్కు కనిపించేసరికి లోపల ఆ మేర ఖాళీ అయిపోయి ఉంటుంది. బయట గీకి, తుప్పు పెయింటు కొట్టి, పైన మెటల్ పేస్టు పెట్టి రంగు వేస్తే ఆరు నెలలకు అదే చోట మళ్లీ పొక్కుతుంది. డోరు కింది కంతలు మట్టితో పూడుకున్నాయేమో పిన్నుతో తీసి, లోపలివైపు శుభ్రం చేసి, వ్యాక్సు కొట్టిన తర్వాతే బయటి సంగతి. ఫ్లోరు మీద రబ్బరు మ్యాటు కింద స్పాంజి తడి పీల్చి ఉంటే, ముందు దాన్ని తీసి ఎండబెట్టాలి.

కోసి అతికిన కొత్త రేకు మీద ఈ పెయింటు కన్నా టూ ప్యాక్ (రెండు డబ్బాలు కలిపి వేసే) ఎపాక్సీ ప్రైమరు మేలు. శుభ్రమైన లోహానికి ఎపాక్సీ, గీకినా పోని గుంతల తుప్పుకు తేమతో గట్టిపడే పెయింటు. రెండూ ఒకదానికొకటి ప్రత్యామ్నాయం కావు.

ఎండ తగిలేచోట తుప్పు పెయింటును అలాగే వదలకూడదు. సూర్యరశ్మికి రంగు మారి, పొడి పొడిగా రాలుతుంది. రెండో కోటు ఇంకా కొంచెం పట్టుకుంటున్నప్పుడే పైన పీయూ (పాలీయూరెథేన్) నలుపు వేయాలి, ఆ వేళ దాటిపోతే 320తో రుద్దాక వేయాలి. బండి అడుగున నీడలో ఉండే భాగాలకు పై కోటు లేకపోయినా పర్వాలేదు.

వానాకాలం అయ్యాక జనవరిలో ఒకసారి కింద దూరి టార్చితో అంచులు చూసుకుంటే, రాయి తగిలి లేచిన మచ్చలు కనబడతాయి. గోరంత మచ్చ చుట్టూ గట్టి పెయింటు దొరికేదాకా గీకి, కడిగి, రెండు పలచటి కోట్లు వేస్తే సరిపోతుంది. వదిలేస్తే ఆ రంధ్రంలోంచి దూరిన ఉప్పునీళ్లు గట్టి పొర కిందే పక్కలకు పాకుతాయి, పైకి ఏమీ కనబడదు. రొయ్యల పికప్‌కు వీటన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఇంకోటుంది. తొట్టి కంతకు గొట్టం బిగించి, ఐసు నీళ్లను ఛాసిస్ దాటించి, వెనక వేలాడే క్యాన్‌లోకి మళ్లించాలి. గొట్టం కొస క్యాన్ మూతిలోకి ఒక జానెడు దిగి ఉండాలి. అంచున ఆపితే, బండి కుదుపులకు బయటికి చింది ఆ నీళ్లు మళ్లీ వెనక క్రాస్ మెంబర్ మీదే పడతాయి.